యేసుస్వామి లోపలున్నాడు: మన పల్లె గుళ్లలో సత్ప్రసాద మర్యాదలు

నెల్లూరు, ప్రకాశం జిల్లాల కతోలిక ఇళ్లల్లో పెరిగినవాళ్లకు గుడి గడప దాటగానే చూపు పూజ జరిగే పీఠం వైపు పోతుంది. సత్ప్రసాదం ఉంచే పెట్టె, అంటే మందసం పక్కన ఎర్రగాజు బుడ్డిలో దీపం వెలుగుతుంటే కుడి మోకాలు నేలకు తాకించాలి. దీపం లేకపోతే పీఠానికి తలవంచి దండం పెడితే చాలు. జ్ఞానోపదేశం పుస్తకం చేతికి రాకముందే పిల్లలకు ఈ తేడా తెలిసిపోయేది. అవ్వ మోకరిస్తే పక్కన మనవరాలూ మోకరించేది. ఎందుకవ్వా అని అడిగితే "యేసుస్వామి లోపలున్నాడు గదమ్మా" అనేది. ఆ వయసుకు అంతకు మించిన వివరం అక్కర్లేదు.

సత్ప్రసాదంలో, అంటే పూజలో ఆశీర్వదించిన అప్పద్రాక్షారసాల్లో, క్రీస్తు నిజంగా ఉన్నాడన్న విశ్వాసం మన వైపు ప్రసంగాల వల్ల కంటే ఇలాంటి మర్యాదల వల్లే ఎక్కువ నిలబడిందని మా గట్టి నమ్మకం. ఇప్పుడు అవి ఒక్కొక్కటే జారిపోతున్నాయి. వాటిలో ఏది శ్రీసభ (కతోలిక సంఘం) శాసనమో, ఏది ఊరి అలవాటో, దేని వెనక ఏ కారణముందో చెప్పగలిగిన పెద్దలు తగ్గిపోతున్నారు. గుర్తున్నంతవరకు, తెలిసినంతవరకు రాసిపెడుతున్నాం.

ముందు ఆ దీపం సంగతి. నెల్లూరు మేత్రాసనం, అంటే ఒక పీఠాధిపతి (బిషప్పు) కింది ప్రాంతం, 1928లో మద్రాసు అగ్రపీఠం నుంచి విడివడి ఏర్పడింది. తొలి పీఠాధిపతి విలియం బౌటర్ మిల్ హిల్ మిషనరీ సభకు చెందిన గురువు (ఫాదర్). ఆ సభ పునీత జోజప్పగారి (యోసేపు) పేరు మీద వెలిసింది, నెల్లూరు కథీడ్రల్ కూడా జోజప్పగారి పేరు మీదే ఉంది. ఆ రోజుల్లో ఒక్క విచారణ (పారిష్) కింద ఎన్నో పల్లెలుండేవి, వాటన్నిటికీ గురువు ఒక్కడే. ఎడ్లబండి మీద, తర్వాత సైకిలు మీద, ఆ తర్వాత మోటారు సైకిలు మీద తిరిగేవాళ్లు. చాలా పల్లెలకు నెలకొక్క పూజ దక్కితే గొప్ప. సత్ప్రసాదాన్ని ఒక గుడిలో నిలవ ఉంచాలంటే శ్రీసభ చట్టం రెండు సంగతులు అడుగుతుంది. దాన్ని కనిపెట్టుకుని ఉండే మనిషి ఉండాలి, గురువు అక్కడ వీలైనంతవరకు నెలకు రెండుసార్లయినా పూజ చేయాలి. అందుకే విచారణ గుడిలో ఎర్రదీపం ఉండేది, పల్లె గుడిలో ఉండేది కాదు. పల్లె గుడి తక్కువదని కాదు. అక్కడ పీఠం ఉంది, సిలువ ఉంది, ప్రార్థన ఉంది. అయితే మందసంలో స్వామి లేడు కాబట్టి అక్కడ మోకరించరు. ఆ తేడాను అంత కచ్చితంగా పాటించిన తరానికి సత్ప్రసాదం అంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేకపోయింది.

దీపం నూనెతో గాని మైనంతో గాని వెలగాలన్నది పాత నియమం, ఇప్పటికీ అదే కోరదగింది. మన పక్క కొబ్బరినూనె, నువ్వులనూనె వాడేవాళ్లు. వత్తి లావైతే నూనె తొందరగా అయిపోతుంది, గాజుకు మసి పడుతుంది, ఎరుపు కనపడదు. సన్నవత్తికి అరపావు నూనె రాత్రంతా వచ్చేది. నూనె ఒలికితే చీమలు బారులు తీరతాయి, ఆ బారు మందసం దాకా పోతే అదో పెద్ద సంకటం. అందుకని దీపం కింద నీళ్లు పోసిన పళ్లెం పెట్టేవాళ్లు, సత్ప్రసాద పాత్ర మూత బిగువుగా ఉందో లేదో రోజూ చూసేవాళ్లు. ఇప్పుడు చాలాచోట్ల ఎర్ర బల్బు వచ్చింది. కరెంటు పోతే అదీ పోతుంది, పైగా దాన్ని చూసుకోవడానికి ఎవరూ రానక్కర్లేదు. నూనెదీపానికైతే పొద్దునా సాయంత్రమూ ఒక మనిషి గుడికి రావాలి. వచ్చినవాళ్లు ఒక్క నిమిషమైనా మోకరించి పోతారు. మా మట్టుకు నూనెదీపమే మేలు.

పల్లెకు గురువు వచ్చే రోజు హడావిడి వేరు. ముందు రాత్రే ఊళ్లో ప్రార్థనలు నడిపే ఉపదేశిగారు ఇంటింటికీ తిరిగి చెప్పేవాడు. వేలాడదీసిన రైలుపట్టా ముక్కను పొద్దున్నే ఇనుపకడ్డీతో కొడితే అదే గంట. ముందు గురువు దగ్గర పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనం, తర్వాత పూజ. పొలం గట్టు దగ్గరో నీళ్ల వంతు దగ్గరో తగువు పడ్డవాళ్లుంటే గుడి ముందే కూర్చోబెట్టి కలిపేవాళ్లు. సహోదరుడితో సమాధానపడి వచ్చి కానుక పెట్టమన్న ప్రభువు మాటను ఉపదేశిగారు అక్షరాలా పట్టించుకునేవాడు. స్వామివారి, అంటే గురువుగారి, వెంట వచ్చే పూజపెట్టెలో పునీతుల అవశేషాలు పొదిగిన చిన్న రాతిపలక, పానపాత్ర, పళ్లెం, పీఠానికి పరిచే తెల్లగుడ్డలు, సిలువ, రెండు కొవ్వొత్తులు, పూజపుస్తకం, అప్పాల డబ్బా, ద్రాక్షారసం సీసా, చిన్న గంట ఉండేవి. ఆ రాతిపలక లేకుండా ఆ కాలంలో పూజ చేసేవాళ్లు కాదు.

నిలవ ఉంచే వీల్లేదు కాబట్టి లెక్క సరిగ్గా కుదరాలి. పాపసంకీర్తనం చేసినవాళ్లను బట్టి ఉపదేశిగారు సంఖ్య చెప్పేవాడు. తర్వాతి కాలంలో గుడి వాకిట్లో చిన్న బల్ల మీద పాత్ర పెట్టి, లోనుకునేవాళ్లు, అంటే సత్ప్రసాదం తీసుకునేవాళ్లు, పట్టకారుతో ఒక్కో అప్పాన్ని పాత్రలో వేసే పద్ధతి వచ్చింది. రెండప్పాలు అతుక్కుని పడితే లెక్క తప్పేది. ఎక్కువైతే మిగిలినవన్నీ గురువే లోనుకోవాలి. తక్కువైతే ఒక్కోటి రెండుగా, నాలుగుగా విరిచి ఇచ్చేవాళ్లు. ముక్క చిన్నదైనా క్రీస్తు సంపూర్ణంగానే ఉంటాడు. చిన్నముక్క దక్కినవాళ్లు తక్కువ దక్కిందని ఎప్పుడూ అనుకోలేదు.

ఇక అప్పం. పెన్నా కింద వరి పండే నేల మనది. మొలగొలుకులు వండితే నాలుగిళ్ల అవతలికి వాసన కొట్టే నేల. అయినా ఆ బియ్యప్పిండితో పూజప్పం చేయకూడదు. జ్ఞానోపదేశంలో పిల్లలు తప్పకుండా అడిగే ప్రశ్న ఇది. జవాబు సూటిగానే ఉండేది. ప్రభువు చేతిలోకి తీసుకున్నది గోధుమ రొట్టె, మార్చే అధికారం గురువుకు లేదు, పీఠాధిపతికి లేదు, పోపుగారికీ లేదు. గోధుమపిండి, నీళ్లు, అంతే. ఉప్పు, చక్కెర, సోడా, నూనె ఏదీ పడకూడదు. గ్లూటెన్ పూర్తిగా తీసేసిన అప్పం కూడా పనికిరాదని, తక్కువ గ్లూటెన్ ఉన్నది మాత్రం చెల్లుతుందని 2017లో రోము మరోసారి గుర్తుచేసింది. గోధుమ పడనివాళ్లు ముందుగా గురువుకు చెప్పుకుంటే పాత్రలోంచి ద్రాక్షారసరూపంలోని క్రీస్తు రక్తాన్ని మాత్రమే లోనుకోవచ్చు. అందులోనూ క్రీస్తు సంపూర్ణంగానే ఉన్నాడు.

అప్పాలు చేసేది కన్యస్త్రీల మఠాల్లో. ఆ పని చూసినవాళ్లకు అది మామూలు వంట కాదని తెలుసు. జల్లించిన పిండికి బరువులో ఒకటిన్నర వంతు దాకా నీళ్లు, పిండి తీరును బట్టి కాస్త అటూ ఇటూ. ఉండలు లేకుండా కలిపి కాసేపు నాననిచ్చి, మళ్లీ ఒకసారి వడగట్టేవాళ్లు. జారు దోసెపిండి కంటే ఇంకొంచెం పలచగా ఉంటే సరి. రెండు ఇనుపపలకల అచ్చు, లోపల సిలువ గుర్తు చెక్కి ఉంటుంది. అచ్చు కాలాక తేనెమైనం గుడ్డతో ఒక్కసారి తుడిచి, మధ్యలో గరిటెడు పోసి మూత నొక్కుతారు. అంచుల్లోంచి ఆవిరి బుస్సుమని వస్తుంది. ఆ ఆవిరి ఆగేదాకా తెరవకూడదు. తొందరపడితే రేకు అడ్డంగా చీలి, సగం కింది పలకకు, సగం పై పలకకు అంటుకుంటుంది. పిండి చిక్కనైతే అప్పం మందంగా ఉండి నోట్లో పచ్చిగా తగులుతుంది. మరీ పలచనైతే అంచులు జల్లెడలాగా చిల్లులు పడతాయి. వేడి ఎక్కువైతే ఎర్రబడుతుంది. మైనం ఎక్కువైనప్పుడు మరకలు తేలతాయి, అందుకే మొదటి రెండు మూడు రేకులు తీసి పక్కన పడేసేవాళ్లు.

రేకు కాలిన వెంటనే కోస్తే పొడిపొడిగా విరిగిపోతుంది. తడి పిండిన గుడ్డ కప్పి రాత్రంతా ఉంచి, కాస్త మెత్తబడ్డాక గుండ్రటి కత్తెరతో కొట్టాలి. జనానికిచ్చేవి సుమారు మూడు సెంటీమీటర్లు, గురువు పైకెత్తి చూపేది ఏడు సెంటీమీటర్ల దాకా. కోసినవాటిని ఆరబెట్టి, జల్లెడపట్టి, విరిగినవి, పొడి ఏరేసి డబ్బాలో పెడతారు. కార్తీకంలో వాయుగుండం పట్టిందంటే మన తీరం గాలికి అవే మెత్తబడి వంకర్లు తిరుగుతాయి, నాలుగు రోజులు చూసుకోకపోతే బూజు పడుతుంది. రోహిణీకార్తెలో దీనికి తలకిందులు, ముట్టుకుంటే పెళుసు. డబ్బా దగ్గర సబ్బు గాని కలరా ఉండలు గాని ఉంటే ఆ వాసన అప్పానికి పట్టేస్తుంది. మందసంలో ఉన్నవాటినీ ఇందుకే పది పదిహేను రోజులకు మించి ఉంచకుండా కొత్తవి మార్చేవాళ్లు. అప్పరూపం చెడిపోతే అక్కడ ఇక క్రీస్తు శరీరం లేదని శ్రీసభ బోధ. కాబట్టి చెడిపోకుండా కాపాడటం కూడా ఆరాధనలో భాగమే.

అచ్చుపనిలో మిగిలిన కత్తిరింపుల కోసం పిల్లలు మఠం వాకిట్లో గుమిగూడేవాళ్లు. సిస్టరమ్మ గుప్పెడు గుప్పెడు పంచుతూ, "ఇది ఒట్టి అప్పం నాయనా. పూజలో స్వామి మాట పడ్డాక అది వేరు" అనేది. నిజానికి ఆ వాకిట్లో జరిగిందే అసలైన పాఠం. అదే పిండి, అదే అచ్చు, అదే రుచి. వారం పోయాక పీఠం దగ్గర నోట్లో పడినప్పుడూ నాలుకకు తేడా తెలియదు. నాలుక చెప్పలేనిదాన్ని ప్రభువు మాట చెబుతుంది. "ఇది నా శరీరం" అన్నవాడు అబద్ధమాడడు. ట్రెంటు మహాసభ 1551లో దీన్నే బోధించింది, అప్పద్రాక్షారసాల పైరూపం అలాగే ఉండి అసలు పదార్థం క్రీస్తు శరీరరక్తాలుగా మారుతుందని. కత్తిరింపులు తిన్న పిల్లలకు అది కొత్తగా అనిపించలేదు.

ద్రాక్షారసానికి మన ఎండలే శత్రువు. అది ద్రాక్షపండ్ల నుంచే వచ్చి ఉండాలి, పులిసి వెనిగర్ కాకూడదు. వెనిగర్ అయిపోయిన రసంతో చేసిన పూజ చెల్లదు. అందుకే మంచి గురువులు చిన్న సీసాలే తెప్పించుకుని, తెరిచాక చల్లటి చోట పెట్టి, పూజకు ముందు ఒకసారి వాసన చూసేవాళ్లు. పాత్రలో పోశాక కలిపేది ఒకటి రెండు నీటిచుక్కలే. పూజలో గురువుకు అందించే పీఠబాలకుడు ధారగా పోయబోతే స్వామివారు చెయ్యి అడ్డుపెట్టేవారు.

ఉపవాసం విషయంలో మా పెద్దవాళ్ల పట్టుదల ఇప్పటివాళ్లకు చెబితే నమ్మరు. అర్ధరాత్రి నుంచి మంచినీళ్లు కూడా ముట్టకుండా పూజకు రావాలి. నీళ్లు తాగితే ఉపవాసం చెడదని 1953లో పన్నెండవ భక్తినాథ పోపుగారు సడలించారు, 1957లో దాన్ని మూడు గంటలు చేశారు, 1964లో ఆరవ పౌలు పోపుగారు ఒక్క గంటకు తగ్గించారు. ఇప్పటి చట్టం ప్రకారం ఆ గంట పూజకు ముందు కాదు, లోనుకునే వేళకు ముందు. నీళ్లకూ మందులకూ అభ్యంతరం లేదు. వయసు మీద పడ్డవాళ్లకు, జబ్బుపడ్డవాళ్లకు, వాళ్లను చూసుకునేవాళ్లకు ఆ గంట నియమం కూడా లేదు. అయినా మన ముసలమ్మలు చాలామంది చద్దన్నం ముట్టకుండానే గుడికి వచ్చేవాళ్లు. చట్టం అడగని దాన్ని ప్రేమతో చేశారు. వాళ్లను చూసి, చూయింగ్ గమ్ నములుతూ గుడిలోకి వచ్చే పిల్లలకు కనీసం ఆ ఒక్క గంట సంగతైనా చెప్పాలి.

పూజ లాటిన్‌లో జరిగిన కాలంలో గురువు పీఠం వైపు తిరిగి మెల్లగా చదువుకునేవాడు. వెనక ఉన్నవాళ్లకు ఒక్క ముక్క వినపడేది కాదు. జనం జపమాల చెప్పుకుంటూ ఉండేవాళ్లు. పీఠబాలకుడి గంట మోగగానే గుడంతా ఒక్కసారి సద్దుమణిగేది. అది నడిపూజ. గురువు మోకరిస్తే ఒకసారి, సత్ప్రసాదాన్ని పైకెత్తితే ఒకసారి, మళ్లీ మోకరిస్తే ఒకసారి గంట. పాత్రకూ అంతే. ఆ క్షణంలో తల దించుకోకూడదు, ఎత్తి చూడాలి. చూసి లోలోపల అనుకోవాల్సిన మాట పునీత తోమాసుగారిది, "నా ప్రభువా, నా దేవా!" అన్నది. గాయాల గుర్తులు చూస్తే గాని నమ్మనన్న మనిషి చివరికి అన్న మాట. ఆయన సమాధి ఉందని చెప్పుకునే మైలాపూరు మన నెల్లూరు నుంచి రైలెక్కితే దగ్గరే. మనవాళ్లకు ఆయన పరాయివాడు కాదు. రెండవ వాటికన్ మహాసభ తర్వాత పూజ తెలుగులోకి వచ్చింది, గురువు జనం వైపు తిరిగాడు, ప్రతి మాటా వినపడుతోంది. అది గొప్ప వరం. మాట వినపడుతోంది గదా అని చూపు పక్కకు పోనివ్వకూడదు, అంతే.

1969లో రోము అనుమతించిన పన్నెండు అంశాలతో మన దేశపు అలవాట్లు కొన్ని పూజలోకి వచ్చాయి. చెప్పులు విడిచి నేలమీద కూర్చోవడం, మోకరించే బదులు చేతులు జోడించి నడుం వంచి దండం పెట్టడం, కొవ్వొత్తుల బదులు నూనెదీపాలు అలాంటివి. చెప్పులు విడవడం మన పల్లెల్లో ఎప్పుడూ ఉన్నదే. అంజలి నమస్కారమూ చక్కటి మర్యాదే. చేస్తే పూర్తిగా చేయాలి. మోకాలూ వంచక, నడుమూ వంచక తలాడించి పోవడం మాత్రం ఏ పన్నెండు అంశాల్లోనూ లేదు.

లోనుకునే పద్ధతి కూడా మారింది. పీఠం ముందు కటకటాల దగ్గర వరసగా మోకరించేవాళ్లు. కటకటాల మీదుగా పొడుగాటి తెల్లగుడ్డ పరిచి ఉండేది, దాని అంచును రెండు చేతులతో గడ్డం కింద పట్టుకోవాలి. రేణువు రాలినా గుడ్డలోనే పడాలని. తర్వాత పీఠబాలకుడు పట్టే పళ్లెం వచ్చింది. దాన్ని సమంగా పట్టుకోవాలి, తిరిగి పోయేటప్పుడు వంచకూడదు. నాలుక మీద తీసుకునేవాళ్లు తల కొంచెం వెనక్కి వాల్చి, నాలుకను కింది పెదవి దాటి చాచి, "ఆమెన్" అన్నాక కదలకుండా ఉండాలి. సగం తెరిచిన నోరే అన్ని ఇబ్బందులకూ మూలం. చేతిలో తీసుకునేవాళ్లు ఒక అరచేతి కింద ఇంకో అరచెయ్యి పెట్టి, గురువు ముందే నోట్లో వేసుకుని, అరచేతిలో రేణువు మిగిలిందేమో చూసుకోవాలి. రాజుకు సింహాసనం వేసినట్టు చేతులు పట్టమని 4వ శతాబ్దంలోనే యెరూషలేము సిరిల్ నేర్పాడు. ఎడమచెయ్యి ముందుకు చాచడానికి మన పెద్దలకు మనసొప్పక చాలామంది నాలుక మీదే తీసుకునేవాళ్లు. రెండూ శ్రీసభ అంగీకరించినవే. లోనుకున్నాక పావుగంట మౌనం పాటించేవాళ్లు. అప్పరూపం కరిగేదాకా ఆయన మనలో ఆ తీరున ఉన్నాడు, వచ్చిన అతిథిని వదిలి బయట కబుర్లేమిటని.

పొరపాటున కింద పడితే గుడి ఆగిపోయేది. ఎవరూ అడుగు కదపకూడదు. గురువు వంగి తీసుకునేవాడు, పడినచోట తెల్లగుడ్డ కప్పేవాడు. పూజ అయ్యాక ఆ చోటును నీళ్లతో తుడిచి, ఆ నీళ్లను మురుగులో పోయకుండా సాక్రిస్టీలోని (పూజసామగ్రి ఉంచే గదిలోని) ప్రత్యేక తొట్టిలో పోసేవాడు. ఆ తొట్టి గొట్టం నేరుగా మట్టిలోకి పోతుంది. తొట్టి లేనిచోట ఎవరూ తొక్కని శుభ్రమైన నేల. కింద పడినదాన్ని భక్తితో తీసుకోవాలని, క్రీస్తు రక్తం ఒలికితే ఆ చోటును కడిగి నీళ్లు ఆ తొట్టిలో పోయాలని ఇప్పటి పూజ నియమావళిలోనూ రాసి ఉంది.

కార్పొరల్ ఉతకడం కొన్ని ఇళ్ల ఆడవాళ్లకు తరతరాల హక్కు. పాత్ర కింద పరిచే ఆ చదరపు గుడ్డ దాదాపు అడుగున్నర ఉంటుంది. మూడుగా మడిచి, అడ్డంగా మళ్లీ మూడుగా మడిస్తే తొమ్మిది గళ్లు పడతాయి. మడత లోపలికే రావాలి, రేణువులుంటే లోపలే నిలవాలి కాబట్టి. విప్పేటప్పుడు దులపకూడదు, పీఠం మీద పెట్టి ఒక్కో మడతా తెరవాలి. ఉతికేటప్పుడు ముందు ఒట్టి నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు తొట్టిలోనో మట్టిలోనో పోసి, ఆ తర్వాతే సబ్బు. ఇంటి గుడ్డలతో కలపకూడదు. గంజి పలచగా పెట్టాలి. చిక్కటి గంజి వాసనకు బీరువాలో బొద్దింకలు చేరి గుడ్డ కొరికేస్తాయి. కాస్త తడి ఉండగానే ఇస్త్రీ చేస్తే మడత గీతలు నిలుస్తాయి. ఆ తొమ్మిది గళ్లు సమంగా పడితే ఆ అమ్మలు చూసుకుని మురిసేవాళ్లు. సువిశేషం మీద ఎప్పుడూ గొంతెత్తి మాట్లాడని మనుషులు వాళ్లు. వాళ్ల చేతుల్లో ఉన్న విశ్వాసం మాత్రం తక్కువది కాదు.

పెద్ద గురువారం రాత్రి సత్ప్రసాదాన్ని పక్క పీఠానికి తీసుకుపోయి, అర్ధరాత్రి దాకా వంతులవారీగా జాగరణ. మరునాడు శుక్రవారం అసలు మందసం తలుపు బార్లా తెరిచి, లోపల ఖాళీగా, దీపం ఆర్పేసి ఉంటుంది. ఆ రోజు పూజ లేదు. ఆ ఒక్కరోజు గుడి వేరేగా ఉందని చిన్నపిల్లలకూ తెలిసిపోయేది.

క్రీస్తు శరీరరక్తాల పండుగ ఊరేగింపు గురించి ఎంత చెప్పినా తక్కువే. 1264లో నాలుగవ ఉర్బను పోపుగారు శ్రీసభ అంతటికీ నిర్దేశించిన పండుగ. పాస్కా (ఈస్టరు) తర్వాత అరవయ్యో రోజు గురువారం వస్తుంది, మన దేశంలో తర్వాతి ఆదివారం చేస్తాం. అంటే మే ఆఖరు నుంచి జూన్ ఆఖరు లోపు. మన జిల్లాల్లో అప్పుడు తారురోడ్డు మీద ఉత్తకాళ్లతో నిలబడలేరు, కాబట్టి పొద్దువాలాకే బయల్దేరేది. మధ్యాహ్నమే దారంతా ఊడ్చి, కళ్లాపి చల్లి, ముగ్గులు పెట్టేవాళ్లు. దారిలో మూడు నాలుగు చోట్ల పీఠాలు. తెల్లగుడ్డ, సిలువ, పూలు, రెండు దీపాలు ఉంటే చాలు, రంగుకాగితాలతో అతి చేయకూడదు. సత్ప్రసాదం కనపడే అద్దాల పాత్ర పట్టుకున్న గురువు మీద నాలుగు గుంజల పందిరిని నలుగురు మోస్తారు. ఒకే ఎత్తు మనుషుల్ని ఎంచుకోకపోతే ఒక మూల కిందికి జారి స్వామివారి తలకు తగులుతుంది. గాలికి కొవ్వొత్తులు ఆరిపోతాయి కాబట్టి లాంతర్లు. పెట్రోమాక్సు లైటు పట్టేవాడు ముందు నడవాలి, పక్కన నడిస్తే పాత్రలోని సత్ప్రసాదం మీద అద్దం మెరుపు పడి జనానికి కనపడదు. పూలు చల్లే పిల్లలకు బంతి, కనకాంబరం రెక్కలు తుంచి బుట్టల్లో పోసి, ఎప్పుడెప్పుడు చల్లాలో ముందే నేర్పాలి. లేకపోతే మొదటి మలుపులోనే బుట్టలు ఖాళీ.

సాంబ్రాణికి టెంకాయచిప్పల బొగ్గు శ్రేష్ఠం. నిప్పు మీద తెల్లటి బూడిద పొర వచ్చేదాకా ఆగాలి. పచ్చి నిప్పు మీద వేస్తే పొగ ఘాటుగా వచ్చి ముందు వరసంతా దగ్గుతుంది. మూడు చెంచాలకు మించి ఒకేసారి వేస్తే నిప్పు ఆరిపోతుంది. చివర ఆశీర్వాదానికి గురువు భుజాల మీంచి కప్పుకున్న వస్త్రం చివర్లతో చేతులు కప్పుకుని ఆ పాత్రను పట్టుకుంటాడు. ఆశీర్వదించేది తాను కాదు, లోపలున్న క్రీస్తే అని చెప్పడానికి. ఆ సమయంలో గురువు నోట మాట కూడా రాదు. 1964లో బొంబాయిలో అంతర్జాతీయ సత్ప్రసాద మహాసభ జరిగి, ఆరవ పౌలు పోపుగారు వచ్చినప్పుడు మన దేశమంతా సత్ప్రసాదం మాటే వినిపించింది. మన పల్లెల్లో మాత్రం అంతకు ముందు నుంచే ఏటా జరిగే పండుగ ఇది.

ఒంగోలు వైపు క్రైస్తవం అంటే అందరికీ ముందు గుర్తొచ్చేది బాప్టిస్టు మిషనే. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2222 మంది బాప్తిస్మం పొందిన నేల అది. పక్కింటివాళ్లు, చుట్టాలు, స్నేహితులు ఆ సంఘంవాళ్లే. వాళ్లకు ప్రభువు బల్ల జ్ఞాపకార్థం. మీరు రొట్టెకు మొక్కుతారేమిటని అడిగేవాళ్లు. మన పెద్దలు తగువుకు పోకుండా యోహాను 6వ అధ్యాయం తీసేవాళ్లు. నా శరీరం నిజమైన ఆహారం అని ప్రభువు అన్నప్పుడు చాలామంది శిష్యులు ఇది వినలేని మాట అని వెళ్లిపోయారు. ఆయన వాళ్లను వెనక్కి పిలిచి, ఊరికే పోలికగా అన్నానని చెప్పలేదు. ఎమ్మావు దారిలో ఆ ఇద్దరికీ దారి పొడుగునా లేఖనాలు విప్పి చెప్పినా ఆయన ఎవరో తెలియలేదు, రొట్టె విరిచినప్పుడు తెలిసింది. మేం రొట్టెకు మొక్కడం లేదు నాయనా, ఆయన్ను గుర్తుపడుతున్నాం అనేవాళ్లు. లేఖనాల మీద ఆ పొరుగువాళ్లకున్న ప్రేమ చూసి మనవాళ్లూ బైబిలు చదవడం నేర్చుకున్నారు, అది ఒప్పుకోవాలి.

జబ్బుపడి గుడికి రాలేనివాళ్లకు నెల మొదటి శుక్రవారం ఇంటికే సత్ప్రసాదం వస్తుంది. ఇది ఇప్పటికీ జరుగుతోంది గాని, ఇంట్లో ఏం సిద్ధం చేయాలో చాలామందికి తెలియడం లేదు. మంచం పక్కన చిన్న బల్ల, దానిమీద ఉతికిన తెల్లగుడ్డ, సిలువ, రెండు కొవ్వొత్తులు, గ్లాసుతో మంచినీళ్లు, ఒక చెంచా. ఫ్యాను గాలికి కొవ్వొత్తులు ఆరకుండా చూసుకోవాలి. టీవీ కట్టేయాలి. గురువు మెడలో సంచి వేలాడుతుంటే అందులో స్వామి ఉన్నాడని అర్థం. వాకిట్లో ఎవరో ఒకరు వెలిగించిన కొవ్వొత్తితో ఎదురెళ్లాలి, బాగున్నారా స్వామీ, కాఫీ తాగుతారా లాంటి పలకరింపులన్నీ తర్వాత. పాపసంకీర్తనం కావాలంటే ఇంట్లోవాళ్లు కాసేపు బయటికి రావాలి. మింగడం కష్టమైన రోగి అయితే ముందే చెప్పాలి, చిన్నముక్క విరిచి చెంచా నీళ్లతో ఇస్తారు. అదీ కుదరకపోతే ద్రాక్షారసరూపంలో కొద్ది చుక్కలు తేవచ్చు, అందుకు గురువుకు ముందుగా తెలియాలి. గురువు వేళ్లు కడిగిన నీళ్లు రోగి తాగవచ్చు, లేదా వాకిట్లో చెట్టు మొదట్లో పోయాలి, సింకులో పోయకూడదు. రోగి పరిస్థితి విషమించినప్పుడు స్పృహ తప్పాక కబురు పెట్టడం అలవాటైపోయింది. అప్పటికి ఆ మనిషి లోనుకోలేడు, పాపసంకీర్తనం చెప్పుకోలేడు. స్పృహలో ఉండగానే, మాట్లాడగలిగినప్పుడే కబురు పెట్టండి. మామూలు నెలవారీ సత్ప్రసాదానికైతే మొదటి శుక్రవారానికి ముందు ఆదివారం పూజ అయ్యాక విచారణ ఆఫీసులో పేరు, ఇంటి గుర్తు, ఏ వేళకు మేలుకుని ఉంటారో రాయించాలి.